జిగురుకు జై!

ఈసారి పద్మ పురస్కారం ఎవరికివ్వాలో తోచకపోతే జిగురుకివ్వండి. బ్యాటరీని ఫోను కడుపులో అంటించి, ప్రపంచ వ్యాపారాన్ని నిలబెట్టిన మహానుభావురాలు.

నోకియా 1100 రోజుల్లో వెనక డొప్ప లాగేసి, బీఎల్-5సీ బ్యాటరీ మార్చుకుంటే ఫోను మళ్లీ బతికేది. ఎంత అనాగరికం! వందల రూపాయల్లో పని అయిపోతే వేలు పెట్టి కొత్తది కొనేదెవరు? అందుకే మూసేశారు. నీళ్లు చొరబడకుండా ఉండాలంటే తప్పదన్నారు. మూత ఊడే శాంసంగ్ ఎస్5 2014లోనే నీళ్లకు తట్టుకుంది. మరుసటి ఏడాది మూసేసి తెచ్చిన ఎస్6కు ఆ వరం లేదు. జిగురు లీలలు!

బ్యాటరీ ముసలిదైతే ఐఫోన్ వేగం తామే తగ్గిస్తున్నామని 2017 డిసెంబరులో యాపిల్ ఒప్పుకుంది. ప్రాయశ్చిత్తంగా బ్యాటరీ మార్చే ధరను 79 డాలర్ల నుంచి 29కి దించింది. జనం బ్యాటరీ మార్చుకుని పాత ఫోనుతోనే కాపురం వెళ్లదీశారు. 2019 జనవరిలో ఆదాయం తగ్గిందంటూ ఇన్వెస్టర్లకు లేఖ రాసిన టిమ్ కుక్, కారణాల్లో ఈ చవక బ్యాటరీలనూ చేర్చారు. ఆ తర్వాత 2022లో అమెరికాలో ‘మీరే బాగుచేసుకోండి’ అంటూ పనిముట్లు అద్దెకిచ్చారు. వారానికి 49 డాలర్లు, రెండు పెట్టెలు, బరువు సుమారు 36 కిలోలు. రోగి జేబులో పడతాడు, వైద్యానికి ట్రాలీ ఆటో కట్టాలి.

2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతిగా రీసైక్లింగ్‌కు చేరినట్టు లెక్క తేలింది నాలుగో వంతు కూడా లేదు.

యూరప్‌కు ఈ వైభవం గిట్టలేదు. 2027 ఫిబ్రవరి 18 నుంచి బ్యాటరీని వాడేవాళ్లే తీసి పెట్టుకునేలా ఉండాలంది. కంగారొద్దు, సందు ఉంది: వెయ్యిసార్లు చార్జి చేశాకా 80 శాతం సత్తా మిగిలి, నీళ్లకూ తట్టుకునే ఫోనైతే ఆ పని మెకానిక్‌కు వదిలేయొచ్చు. మన ఢిల్లీ ఇంకా నయం. రిపేరు హక్కుకు 2022లో ఒక కమిటీ, ఒక పోర్టల్. రిపేరు సులువుకు మార్కులేసేందుకు 2024లో ఇంకో కమిటీ.

ఈలోగా ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో కుర్రాడు వెనక అద్దానికి వేడి పట్టించి, సందులో ప్లాస్టిక్ ముక్క దూర్చి అడుగుతాడు: “ఒరిజినల్ వెయ్యాల్నా, కాపీనా అన్నా? డిస్‌ప్లే పోతే నాకు సంబంధం లేదు.” ఆ కమిటీ ఫైళ్లు మాత్రం అతని చేతికివ్వకండి. కాస్త వేడి తగిలించి పది నిమిషాల్లో తేల్చేస్తాడు. తర్వాత కంపెనీల గతేం కాను?