సింకు దగ్గర శూన్యవాదం

మానవ జీవితానికి అర్థమేమిటన్న ప్రశ్న నాకు పెసరట్టు తింటుండగా ఒక్కసారి కూడా రాలేదు. లోపల ఉప్మా, పక్కన అల్లం పచ్చడి ఉంటే ఈ సృష్టి ఏదో ఒక ఉద్దేశంతోనే జరిగిందనీ, ఆ ఉద్దేశం నా కంచం దాకా సక్రమంగానే వచ్చి చేరిందనీ నాకు గట్టి నమ్మకం. ప్రశ్న వచ్చేది ఆ తర్వాత. పనమ్మాయి రాని ఆదివారం, సింకు నిండా గిన్నెలు పడ్డాక, మా ఆవిడ పీచు నా చేతికిచ్చి అటు తిరిగిన మరుక్షణం. "ఇవాళ తోముతాం. రేపు మళ్లీ ఇవే. ఎల్లుండీ ఇవే. ఇంతకీ ఈ మనిషి జాతి ఎక్కడికి పోతున్నట్టు?" అని లోపల్నుంచి ఒక గొంతు లేస్తుంది. ఆ గొంతు అచ్చం మా నాన్నగారిది. ఆయనా వంటింట్లో ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టి ఎరగరు.

నేను విజయవాడలో ఒక బ్యాంకులో పనిచేస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా సరిచూసిన లెక్కలే మర్నాడు మళ్లీ సరిచూస్తాను. అక్కడ నాకు ఏ వైరాగ్యమూ పుట్టదు. ఒకటో తారీఖున జీతం పడుతుంది కదా. నా తత్వచింతనంతా జీతం రాని పనుల దగ్గరే.

గిన్నెలు తోమడంలో నాకంటూ ఒక పద్ధతి ఉంది. దాన్ని నానబెట్టడం అంటారు. అడుగంటిన పాలగిన్నెలో నీళ్లు పోసి, రెండు చుక్కలు సబ్బు వేసి, ఒక మూలకు జరిపి, పని సగం అయిపోయిందని ప్రకటించి పేపరు పట్టుకుంటాను. మిగతా సగం ఎవరు చేస్తారో నేనెప్పుడూ ఆరా తీయలేదు. సాయంత్రం చూస్తే గిన్నె తళతళలాడుతూ బోర్లించి ఉంటుంది. "ఆ గిన్నె నిన్నట్నుంచీ తపస్సు చేస్తోంది, వరమిచ్చేదెవరో" అని వంటింట్లోంచి మాట వినిపించిన రోజున మాత్రం టీవీ శబ్దం కాస్త పెంచుకుంటాను.

ఇడ్లీ రేకులకు ఈ పద్ధతి పనికిరాదు. ఒక్కో గుంటకూ చిన్న చిన్న బెజ్జాలుంటాయి. ఆవిరి పైకి రావడానికని పెట్టిన బెజ్జాలు పిండి కిందికి దిగడానికి కూడా చక్కగా పనికొస్తాయి. తడిగుడ్డ పరిచి పిండి పోస్తే రేకు శుభ్రంగానే ఉంటుంది, గుడ్డ ఇడ్లీని వదలదు. గుడ్డ మానేసి నెయ్యి రాస్తే ఇడ్లీ ఊడొస్తుంది, బెజ్జం పిండిని వదలదు. మా పల్నాడు వైపు అన్ని సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, ఎండిన మినప్పిండి ఇంకా వాళ్ల కంట పడినట్టు లేదు. అగ్గిపుల్ల పట్టుకుని ఒక్కో బెజ్జాన్నీ పొడుస్తూ నిలబడ్డప్పుడు, చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర 2023 ఆగస్టు 23న దిగిన జాతి ఇదేనా అని అనుమానం వస్తుంది.

అలాంటప్పుడు నాకు ఆసరా ఆచార్య నాగార్జునుడు. మాది పల్నాడు. ఆయన పేరున్న కొండ మా ఊరికి బస్సెక్కి వెళ్లే దూరంలో ఉంది కాబట్టి శూన్యవాదం మీద నాకు పిత్రార్జితపు హక్కు ఉన్నట్టే మాట్లాడతాను. "అంతా శూన్యం. ఈ మూకుడూ లేదు, దీని జిడ్డూ లేదు" అన్నానొక ఆదివారం.

"జిడ్డు లేకపోతే ఈపాటికి అయిపోవాలిగా" అంది మా ఆవిడ.

మా అమ్మాయి ఊరుకుంటే బాగుండేది. దానికి ఇంజనీరింగు చదువు చాలక ఫోనులో తత్వశాస్త్రం పాఠాలు కూడా వింటుంది. "శూన్యమంటే ఏమీ లేదని కాదు నాన్నా. ఏదీ తనంతట తానుగా లేదని. ప్రతిదీ ఇంకోదాని మీద ఆధారపడే ఉంటుందని మూలమధ్యమకకారికలో ఆయన వాదన. అంటే శుభ్రమైన కంచం కూడా దానంతటది ఉండదు. ఎవరో ఒకరు తోమితేనే ఉంటుంది" అంది. దాదాపు 1,800 ఏళ్ల కిందటి మహా తార్కికుడు ఇలా ఒక్క క్షణంలో మా ఆవిడ పక్షాన చేరిపోతాడని నేనేం కలగన్నానా?

ఆయన కొండకు పట్టిన గతి చూశాకైనా ప్రగతి గురించి నోరు మూసుకోవాల్సింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని పురావస్తు శాఖవాళ్లు గబగబా తవ్వి, దొరికిన శిల్పాలనూ కట్టడాలనూ కొన్ని కొండ మీదికి, కొన్ని దగ్గర్లోని అనుపుకు చేర్చారు. ఇప్పుడా కొండ నీళ్ల మధ్య ద్వీపం. లాంచీ ఎక్కి వెళ్లి చూడాలి. శూన్యమన్న పెద్దాయన పేరే పెట్టి, 26 గేట్ల ఆనకట్ట కట్టి, లోయ నిండా నీళ్లు నింపిన ఘనత మనది. 1967 ఆగస్టు 4న కాలవలకు నీళ్లు వదిలారు. కుడి కాలవ నీళ్లు మా ఊరి పొలాల దాకా వచ్చేవరకూ మా నాయనమ్మకు వరన్నమంటే పండగ. మిగతా రోజుల్లో జొన్నకూడే. ఆ నీళ్లతో పండిన బియ్యం తిని ఒళ్లు చేసిన మనవడు ఇప్పుడు సింకు దగ్గర నిలబడి ప్రగతి వల్ల ఒరిగిందేమిటని అడుగుతున్నాడు. ఆవిడ బతికుంటే తెడ్డు తిరగేసేది.

సరిగ్గా ఆ 1955లోనే కోయంబత్తూరులో పి. సభాపతి అనే ఆయన రుబ్బురోలుకు మోటారు తగిలించారు. నెహ్రూ వేసిన రాయి గురించి మాకు బళ్లో చెప్పారు. సభాపతి తిప్పించిన రాయి గురించి ఎవరూ చెప్పలేదు. పాఠాలు రాసేవాళ్లలో మినప్పప్పు రుబ్బినవాళ్లు తక్కువనుకుంటాను. మా నాయనమ్మ పెరట్లో రోలు ముందు ఒక కాలు మడిచి, ఒక కాలు చాపి కూర్చునేది. కుడిచేత్తో పొత్రం తిప్పుతూ, ఎడమచేత్తో పప్పును లోపలికి తోస్తూ, మధ్యమధ్యలో నీళ్లు చిలకరించేది. పిండి నలిగిందని ఊరికే నమ్మేది కాదు. చెంబులో నీళ్లలో చిన్న ఉండ వేసి, అది తేలితేనే చేయి కడుక్కునేది. మునిగితే మళ్లీ మొదలు. భుజం పట్టేస్తే చేయి మార్చేది, పని మార్చేది కాదు. ఆ గంటసేపట్లో జీవితానికి అర్థమేమిటని ఆవిడ అడగ్గా నేను వినలేదు. "ఆ చెంబు ఇలా తొయ్యరా" అని మాత్రం అడిగేది. ఆవిడ కన్నవాళ్లలో ఇద్దరిని మశూచి ఎత్తుకుపోయింది. 1980లో ప్రపంచంలోనే మశూచి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఈ ముక్క నేను వాదనల్లో ఎత్తను. నా పక్షం బలహీనపడుతుంది.

నాగార్జునుడు చేయిచ్చాక బ్రిటిష్ ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్‌ను పట్టుకున్నాను. ఆయన 1930లో మన మనవళ్ల ఆర్థిక భవిష్యత్తు గురించి ఒక వ్యాసం రాశాడు. వందేళ్లు గడిచేసరికి, అంటే 2030 నాటికి, మనిషి వారానికి 15 గంటలు పనిచేస్తే సరిపోతుందనీ, మిగిలిన తీరికతో ఏం చేసుకోవాలన్నదే అసలు చిక్కు అవుతుందనీ అందులో జోస్యం. బతుకంతా ఇళ్లు తుడిచిన ఒక ముసలి పనిమనిషి ఊసు కూడా అందులో ఉంది. చచ్చాకైనా ఇక ఏ పనీ ఉండదన్న సంబరాన్ని ఆవిడ తన సమాధి మీద రాసుకుందట. జోస్యం చెప్పిన ఆయన మాత్రం యుద్ధం ముగిశాక దేశం అప్పుల కోసం అమెరికాతో బేరాలాడి ఆడి, గుండె జబ్బుతో 1946లో 62 ఏళ్లకే పోయాడు.

ఈ సంగతంతా ఐదిళ్లలో పనిచేసే మా పనమ్మాయికి వివరంగా చెప్పాను. శ్రద్ధగా విని, "పదిహేను గంటలకి జీతం పూర్తిగా ఇస్తారా, కోసిస్తారా సార్?" అంది. కీన్స్ మీద బోలెడు విమర్శలు వచ్చాయంటారు. ఇంతకంటే సూటిగా ఎవరైనా అడిగి ఉంటారని నేననుకోను.

అయినా ఆ ఊపులోనే మా ఆవిడ ముందు పద్దు తెరిచాను. మిక్సీ వచ్చింది, గ్రైండరు వచ్చింది, కుక్కరు, గ్యాసు, ఫ్రిజ్, వాషింగ్ మిషన్ అన్నీ వచ్చాయి. ఒక్కొక్కటీ ఇంత టైము మిగిల్చిందంటే, ఆ మిగులంతా ఏ ఖాతాలో జమైంది? మానవ జాతి దగా పడిందంటే పడదూ మరి?

"మీ ఖాతాలోనే జమైంది" అంది తోటకూర తుంచుతూ. "మీ చిన్నప్పుడు ఇంట్లో మగవాళ్ల పనులేమిటో చెప్పండి."

చెప్పాను. కాస్త గర్వంగానే చెప్పాను. బావిలో నీళ్లు తోడటం నాది. కట్టెలు కొట్టడం నాన్నది. జొన్నలు మూటగట్టి మరకు పట్టుకెళ్లి, పట్టిన పిండి వేడిగా నెత్తిన పెట్టుకు రావడం అన్నయ్యది. డీలరు షాపు దగ్గర కిరోసిను డబ్బా వరసలో పెట్టి, డబ్బాకు కాపలా ఉండటం మళ్లీ నాది.

"నీళ్లకు మోటారొచ్చింది. కట్టెలకు గ్యాసొచ్చింది. పిండికి ప్యాకెట్టొచ్చింది. కిరోసినే పోయింది. మీ పనులకు మిషన్లొస్తే మీరు లేచి కుర్చీలో కూర్చున్నారు. మా పనులకు మిషన్లొస్తే ఆ మిషన్ల పక్కన మేమే నిలబడ్డాం" అంటూ కాడలు ఒక పక్కకు, ఆకులు ఒక పక్కకు చేసింది.

ఇదేదో ఇంటి సిద్ధాంతమని కొట్టిపారేయబోయాను. అమ్మాయి మళ్లీ అడ్డొచ్చింది. రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే అమెరికా చరిత్రకారిణి 1983లోనే 'మోర్ వర్క్ ఫర్ మదర్' అని దీని మీద పుస్తకమే రాసిందట. అక్కడ ఇనప పొయ్యిలు వచ్చాక మగవాళ్లకు కట్టెలు కొట్టే పని తగ్గిందట. ఆడవాళ్లకు మాత్రం ఒక గిన్నెలో ఉడికించే చోట మూడు నాలుగు రకాలు వండే పని పెరిగిందట. అమెరికా సంగతి నాకెందుకుగానీ, మా ఇంట్లో రోలున్న రోజుల్లో ఇడ్లీలోకి ఒకటే పచ్చడి. మిక్సీ వచ్చాక పల్లీ చట్నీ చేస్తే అల్లం పచ్చడి ఏదంటాం. అదీ చేస్తే కారప్పొడీ, దాని మీదికి నెయ్యీ ఏవంటాం. అంటాం అని బహువచనంలో రాశానుగానీ, అనేది ఒక్కడే. అలాగే, రెండు జతల బట్టలతో వారమంతా బడికెళ్లొచ్చిన మనిషి, ఇప్పుడు ఒకసారి తుడుచుకున్న తువ్వాలును మిషన్లో పడేస్తున్నాడు.

నేను మాటలకు లొంగే రకం కాదు, అంకెలు కావాలి. కేంద్రం చేయించే టైమ్ యూజ్ సర్వేలో అవి దొరికాయి. జీతం లేని ఇంటిపనిలో చెయ్యి పెట్టినవాళ్ల సగటు ఇది. 2019లో ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు. 2024లో ఆడవాళ్లు 289, మగవాళ్లు 88. ఐదేళ్ల నాగరికత ఆడవాళ్లకు 10 నిమిషాలు మిగిలిస్తే మా మగవాళ్లకు 9 నిమిషాలు మిగిల్చింది. బ్యాంకు మనిషిని కాబట్టి శాతాల్లో చెబుతాను: వాళ్లకు 3, మాకు 9. ప్రగతి ఆగిపోయిందని ఎవరన్నారు? ఇక ఆ 88 నిమిషాల మాటంటారా, గిన్నె నానుతున్నంతసేపూ నా పద్దులోనే రాస్తే అవలీలగా దాటేస్తాను.

వచ్చే దీపావళికి డిష్‌వాషర్ కొందామంటోంది అమ్మాయి. షాపుకు వెళ్లి చూసొచ్చాం. మెతుకులు ముందే దులిపి పెట్టాలి, ఒక వరసలో సర్దాలి, దానికి వేరే ఉప్పుంటుంది, అదీ పోస్తుండాలి, నాన్‌స్టిక్ పెనం, ఇనప మూకుడు లాంటివి బయటే తోముకోవాలి. అన్నీ విన్నాక "సర్దేదెవరు?" అని మా ఆవిడ నా వంక చూసింది. నేను సేల్స్ కుర్రాడి వంక చూశాను. ఆ కుర్రాడు ఈఎంఐ గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

ఇంటికొచ్చాక వాతావరణం తేలిక చేద్దామని కీన్స్‌ను మళ్లీ రంగంలోకి దింపాను. "ఈ మిషను దండగ. ఎంత, 2030 దాకా ఓపిక పట్టాలి. ఆయన లెక్క నిజమైనా కాకపోయినా నా రిటైర్మెంటు కూడా సరిగ్గా ఆ ఏడే. వారానికి పదిహేను గంటలు కూడా ఉండవు. పొద్దున్న లేచింది మొదలు ఇంట్లోనే ఉంటాను. అన్నీ నేనే దగ్గరుండి చూసుకుంటాను."

మా ఆవిడ పోపు గరిటె పక్కన పెట్టేసింది. "రోజంతానా?"

"రోజంతా."

"వంటింట్లోనా?"

"ఎక్కడైనా."

స్టవ్వు చిన్నది చేసి, నా దగ్గరికొచ్చి, చాలా రోజుల తర్వాత ఎంతో ఆప్యాయంగా అడిగింది. "మీ బ్యాంకువాళ్లు ఇంకో ఐదేళ్లు పొడిగించాలంటే ఎవరికి అర్జీ పెట్టుకోవాలండీ?"