ఏముందమ్మా, ల్యాప్రోస్కోపీయే కదా!

గర్భసంచి తీయించుకుని ఇంటికొచ్చిన ఆడమనిషికి తెలుగునాట సలహాదారుల కొరత ఉండదు. డిశ్చార్జి కాగితంలో డాక్టరు ఏం రాశారో చూసే ఓపిక ఒక్కరికీ లేకపోయినా, ఆమె మంచం ఎప్పుడు దిగాలో మాత్రం అందరికీ తెలుసు. పెద్దత్తయ్య రెండు నెలలు కాలు కింద పెట్టొద్దంటుంది. పక్కనే కూర్చున్న ఆడపడుచు తన తోడికోడలు పదో రోజుకే దోసెల పిండి రుబ్బిందని గుర్తుచేస్తుంది. ఆఫీసు నుంచి మేనేజరుగారు దండం పెడుతున్న బొమ్మ ఒకటి వాట్సాప్‌లో పంపి, ఆ వెంటనే 'సోమవారం జాయినవుతున్నారుగా?' అని కుశలం అడుగుతారు. ఇంకా ఎవరికైనా సందేహం మిగిలితే దాన్ని తీర్చడానికి బ్రహ్మాస్త్రం సిద్ధంగా ఉంటుంది: 'ఏముందమ్మా, ల్యాప్రోస్కోపీయే కదా! మూడు చిల్లులు.'

మూడు కాకపోతే నాలుగు. ఒక్కోటి అర సెంటీమీటరో, సెంటీమీటరో. వారం పది రోజుల్లో పైచర్మం మానిపోతుంది, చూడవచ్చినవాళ్లు పొట్ట మీద పెద్ద గాటు లేదని నిరాశపడి వెళ్లిపోతారు. లోపల జరిగింది మాత్రం ఆ చిల్లుల సైజులో జరగలేదు. గర్భసంచిని పట్టి ఉంచే బంధనాలను, దానికి రక్తం తెచ్చే నాళాలను కట్టి, కోసి, ముఖద్వారంతో సహా బయటికి తీశాక యోని పైకొసను కుట్టి మూసేస్తారు. పొట్ట కోసి చేసినా, కెమెరా పెట్టి చేసినా ఆ లోపలి పని ఒకటే. ఆ కుట్టు విడిపోవడం అరుదే. అయితే విడిపోయిన సందర్భాలు పొట్ట కోసి చేసిన ఆపరేషన్ల కంటే ల్యాప్రోస్కోపీలోనే ఎక్కువ పాళ్లలో కనబడుతున్నాయని వైద్య పరిశోధనలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. బయట గాయం చిన్నదైతే లోపల కూడా చిన్నదేనన్న సూత్రాన్ని ఏ వైద్య కళాశాలలో బోధిస్తున్నారో గానీ, పట్టభద్రులు మాత్రం వీధికి పదిమంది ఉన్నారు.

న్యాయంగా చెప్పాలంటే ల్యాప్రోస్కోపీతో తొందరగా కోలుకుంటారన్న మాట అబద్ధం కాదు. బ్రిటన్‌లో స్త్రీవైద్య నిపుణుల రాయల్ కాలేజీ రోగుల కోసం రాసిన సూచనల ప్రకారం, ఈ పద్ధతిలో చేయించుకున్నవాళ్లలో చాలామంది 4 నుంచి 6 వారాల్లో మామూలు పనికి వెళ్లగలరు. పొట్ట కోసి చేస్తే 6 నుంచి 8 వారాలు. ల్యాప్రోస్కోపీ తర్వాత తేలికపాటి పనయితే కొందరు రెండు మూడు వారాలకే వెళ్లినా ముప్పేమీ ఉండదు. ఈ 'కొందరు' మన ఆఫీసుల్లోకి అడుగుపెట్టేసరికి 'అందరూ' అయిపోతారు. రెండు మూడు వారాలు కాస్తా 'వచ్చే సోమవారం' అవుతుంది.

ఇక బరువులెత్తొద్దన్న సలహా. డాక్టరు ఆ మాట అనగానే ఇంటిల్లిపాదీ బుద్ధిగా తలూపుతారు. వాళ్ల దృష్టిలో బరువంటే సిమెంటు బస్తా. ఇంట్లో సిమెంటు బస్తాలు లేవు కాబట్టి చిక్కేమీ లేదు. 20 లీటర్ల మంచినీళ్ల క్యాను 20 కిలోలు తూగినా అది బరువు కిందికి రాదు, నీళ్లు కదా! తడిసిన దుప్పట్ల బకెట్టు బట్టల కిందికి వస్తుంది. ఎత్తుకోమని ఏడ్చే రెండేళ్ల మనవడిని బరువంటే మహాపాపం. వంటగ్యాసు సిలిండరులో గ్యాసే 14.2 కిలోలు, దాని ఇనుము అంతకు మరికాస్త. దాన్ని ఎత్తాల్సిన అవసరం లేదు, వాలుగా దొర్లిస్తే చాలు. ఇలా పగలంతా దొర్లించీ, వంచీ, ఎత్తీ గడిపిన మనిషి గురించి సాయంత్రం ఫోన్లో చెప్పేది ఏమిటయ్యా అంటే, 'ఇంట్లో రెస్టు తీసుకుంటోంది' అని.

రెస్టు రోజుల లెక్క కుట్లను బట్టి కాక జీతమిచ్చే చేతిని బట్టి మారడం ఈ ఆపరేషన్‌లోని అసలు వింత. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం ప్రభుత్వ మహిళా ఉద్యోగికి గర్భసంచి తొలగింపు తర్వాత 45 రోజుల ప్రత్యేక సెలవుంది. మంచి ఉత్తర్వు. ఆరు వారాలకు మూడు రోజులు ఎక్కువే. గవర్నమెంటు కుట్టు మానడానికి 45 రోజులు పడుతుందని దీన్నిబట్టి రుజువైంది. ప్రైవేటు కుట్టు సంగతి వేరు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం గర్భస్రావమైతే 6 వారాలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు 2 వారాలు సెలవిచ్చింది. కాన్పుకు ఇచ్చే సెలవు 2017 సవరణతో 26 వారాలకు పెరిగింది. సంచి నిండితే సెలవు, నిండినది జారిపోతే సెలవు, ఇక నిండకుండా ముడేస్తే సెలవు. సంచే పోతే మాత్రం చట్టం గొంతు సవరించుకుని పక్కకు చూస్తుంది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ కూడా ఆ జాబితానే దించుకుంది.

ఈఎస్ఐ ఉన్నవాళ్లు కాస్త నయం. అనారోగ్యపు భత్యం కింద ఏడాదిలో 91 రోజుల వరకు 70 శాతం జీతం వస్తుంది. కానీ నెల జీతం 21,000 రూపాయలు దాటితే ఆ గొడుగు కిందికి రానివ్వరు. అలా దాటిన అదృష్టవంతురాలు తన సిక్ లీవులు, ఎర్న్‌డ్ లీవులు కలిపి లెక్కపెట్టుకుని, అవి అయిపోయాక హెచ్ఆర్ వారి దయాదాక్షిణ్యాల మీద ఆధారపడాలి. ఆ దయకు ఈమధ్య ఒక పేరొచ్చింది: వర్క్ ఫ్రం హోం. పొట్ట మీద దిండు, దిండు మీద ల్యాపుటాపు, వెనక నుంచి కుక్కరు కూత. కెమెరా ఆన్ చేయనక్కర్లేదని మేనేజరుగారు పెద్దమనసుతో అనుమతిస్తారు.

ఇదంతా ఎక్కడో నూటికో కోటికో ఒకరికి జరిగే ఆపరేషన్ అయితే, ఎవరికీ లెక్కలు తెలియవని సర్దిచెప్పుకోవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంలో 3.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.7, తెలంగాణలో 8.2. తెలుగువాళ్లు ఐకమత్యంగా సాధించిన అగ్రస్థానాల్లో ఇదొకటి. విభజన కూడా దీన్ని విడదీయలేకపోయింది. అంతకుముందు సర్వే లెక్కన దేశంలో ఈ ఆపరేషన్ జరిగే మధ్యస్థ వయసు 34 ఏళ్లు. అంటే సగంమంది ముప్ఫై నాలుగు నిండకుండానే బల్ల ఎక్కుతున్నారు. వీళ్లు పింఛను పుచ్చుకుని పురాణ కాలక్షేపం చేసే వయసువాళ్లు కారు. పొలంలో, దుకాణంలో, కంపెనీలో, బడిలో ఉండేవాళ్లు. ఆంధ్ర, తెలంగాణల్లో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉందని అదే సర్వే చెబుతోంది. ఏళ్ల తరబడి అధిక రక్తస్రావంతో వెళ్లి చేయించుకున్న మనిషికి ఆపరేషన్ తర్వాత నీరసం ఎందుకు తగ్గదో ఆశ్చర్యపోయేవాళ్లు ఆ అంకె చూస్తే బాగుండును.

ఈ ఆపరేషన్లలో పదింటికి సుమారు ఏడు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. అక్కడ ఆపరేషన్‌కు ముందు వినిపించే మాటలు వేరు. 'పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు? ఉంచితే క్యాన్సర్ కావచ్చు.' మందులతోనో, హార్మోన్ లూప్‌తోనో చాలావరకు అదుపులోకి వచ్చే రక్తస్రావానికి కూడా ఇదే భవిష్యవాణి. ముందు రోజు దాకా ప్రాణాంతకమైన సంచి, బిల్లు కట్టిన మర్నాటికి ఏమీ కాని సంచి అవుతుంది. తీయకముందు అంత భయపెట్టిన నోరే తీశాక 'రెస్ట్ తీసుకోండి' అని రెండు ముక్కలతో సరిపెడుతుంది. ఎన్నాళ్లు, ఏ పనికి, బస్సెక్కొచ్చా, బండి నడపొచ్చా అని అడిగేలోపు తర్వాతి టోకెన్ పిలుస్తారు.

అవసరం లేకున్నా సంచి తీసేసే ఈ విద్యలో మహారాష్ట్రలోని బీడ్ జిల్లా ఏకంగా డాక్టరేట్ చేసింది. ఏటా శీతాకాలం మొదలయ్యేసరికి అక్కడి నుంచి జంటలు జంటలుగా చెరుకు కోతకు వలసపోతారు. భార్యాభర్తలిద్దరూ కలిసి ఒక 'కోయతా', అంటే ఒక కొడవలి కింద లెక్క. కూలీలను కుదిర్చే మేస్త్రీ, అంటే ముకాదం, ముందే అడ్వాన్సు ఇస్తాడు. ఒక రోజు పని మానితే 500 రూపాయల వరకు జరిమానా పడుతుందని అక్కడి స్త్రీలు చెప్పిన సంగతి 2019లో పత్రికల్లో వచ్చింది. చెరుకు తోటలో మరుగుదొడ్డి ఉండదు, నీళ్లుండవు. నెలసరి వస్తే రెండు మూడు రోజులు పని పోతుంది, పైన జరిమానా. దీనికి దొరికిన పరిష్కారం గర్భసంచి తీయించేయడం. రాష్ట్ర ప్రభుత్వం వేసిన కమిటీ 82,309 మంది చెరుకు కోత స్త్రీలను సర్వే చేస్తే 13,861 మందికి ఆ ఆపరేషన్ అయిపోయి ఉంది. ఆరుగురిలో ఒకరికి.

ఆ లెక్కలోని తర్కం ఎంత నిక్కచ్చిగా ఉందో చూడండి. పని మానకుండా ఉండడానికి ఆపరేషన్. ఆపరేషన్‌కు అప్పు. ఆ అప్పు ఇచ్చేది కొన్నిచోట్ల ముకాదమే. అప్పు తీరాలంటే పని. కుట్లు పచ్చిగా ఉండగానే కొడవలి పట్టి, మోపు తలకెత్తుకుని లారీ మీదికి నిచ్చెన ఎక్కాలి. నెలకు మూడు రోజుల సెలవు మిగుల్చుకోవడానికి చేయించుకున్న ఆపరేషన్‌కు ఆరు వారాల సెలవు అడిగితే ఇక ఆ మనిషి లెక్కల్లో తప్పినట్టే. అండాశయాలు కూడా తీసేసి ఉంటే ముప్ఫై ఏళ్లకే ముట్లు ఆగిన శరీరం, ఒంటి ఆవిర్లు, గుల్లబారే ఎముకలు అదనం. వీటికి ముకాదం జరిమానా వేయడు.

మనవైపు ముకాదం లేడు గానీ నాట్ల కాలం ఉంది, పత్తి తీత ఉంది, మిరపకోత ఉంది. నాట్ల కూలికి పోయే మనిషి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బురదలో నడుం వంచే ఉంటుంది. పది రోజులకు పొలంలో కనిపిస్తే, 'గట్టి మనిషి' అని ఊరంతా మెచ్చుకుంటారు. ఆ మెప్పు ఖరీదు ఆ రోజు కూలి.

అనవసరపు ఆపరేషన్ల మీద సుప్రీంకోర్టుకు 2013లో వెళ్లిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో తీర్పొచ్చింది. కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలకు ఆదేశమిచ్చారు. ఎవరికి చేయాలి, ఎవరికి చేయకూడదు అన్న చర్చ అలా కోర్టు దాకా వెళ్లింది. చేసేశాక ఆమె పనికి ఎప్పుడు పోవాలన్న చర్చ ఇంకా ఆడపడుచు దగ్గరే ఉంది.

ఎక్కువ రెస్టిస్తే మనుషులు బద్ధకిస్తారని భయపడే యజమానుల కోసం ఒక సంగతి. నెదర్లాండ్స్‌లో గర్భసంచి, అండాశయ ఆపరేషన్లు చేయించుకున్న 215 మంది స్త్రీలతో ఒక అధ్యయనం చేసి 2014లో ఫలితాలు ప్రచురించారు. కొందరికి ఏ రోజు నుంచి ఏ పని చేయొచ్చో విడివిడిగా చెప్పి, పనిచోటుతో ఎలా మాట్లాడాలో నేర్పారు. వాళ్లలో సగంమంది 39 రోజులకల్లా పూర్తిస్థాయిలో పనిలో చేరారు. మామూలు పద్ధతిలో ఉన్నవాళ్లలో సగంమంది చేరడానికి 48 రోజులు పట్టింది. 'సోమవారం వస్తున్నారుగా?' అని అడక్కుండానే తొమ్మిది రోజులు కలిసొచ్చాయి. మన హెచ్ఆర్ విభాగాలు ఈ తొమ్మిది రోజుల కోసమైనా ఆశపడాలి.

పైన చెప్పిన ఏ చట్టంలోనూ, ఏ ఉత్తర్వులోనూ, ఏ అధ్యయనంలోనూ చోటు దొరకని మనిషి మరొకరున్నారు. నగరాల్లో నాలుగిళ్లలో అంట్లు తోమి, ఇల్లు తుడిచే పనిమనిషి. ఆమెకు ఆపరేషన్ అయితే సెలవు దొరుకుతుంది గానీ, బదులు మనిషిని పంపాలి. ఆ బదులు మనిషి చాలాసార్లు ఎనిమిదో తరగతి చదివే కూతురే. 'ల్యాప్రోస్కోపీయే కదా!' అని తేల్చేసే అమ్మగారు ఆ పిల్ల తోమిన గిన్నెలు వెలుతురులో తిప్పి చూసి, తల్లికి ఫోన్ చేసి, తొందరేం లేదు, ఒంట్లో పూర్తిగా కుదుటపడ్డాకే రమ్మని చెబుతారు. పిల్ల నీకంటే శుభ్రంగా తోముతోందని కూడా అంటారు.