సెక్షన్ గారు

మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో "బావున్నారా" అని పలకరిస్తే "ప్రస్తుతానికి బావున్నాను, ఇది హామీ కాదు" అని జవాబిచ్చే మనిషి ఒక్కరే ఉన్నారు. ఫ్లాటు నంబరు 304. వయసు 46. పగలు ఒక కంపెనీ కొనుగోళ్ళ విభాగంలో డిప్యూటీ మేనేజరు, రాత్రి పదిన్నర దాటాక బిజినెస్ లాలో పీజీ విద్యార్థి. అసలు పేరు కింద బోర్డు మీద ఉంది గానీ దానితో ఎవరికీ పనిలేదు. వాచ్‌మన్ దగ్గర్నుంచి పాలబ్బాయి దాకా అందరికీ ఆయన సెక్షన్ గారే.

ఈ జాతి మా నిజాంపేట, మియాపూర్ వైపు ఈమధ్య బాగా పెరిగింది. గుర్తుపట్టడం తేలికే. మెడలో హెడ్‌ఫోన్, కళ్ళ కింద నలుపు, చంకలో పేజీపేజీకీ పసుపు పూసిన పుస్తకం. పేరంటానికి వెళ్ళొచ్చిన కాళ్ళకు కూడా అంత పసుపు ఉండదు. పెళ్ళిలో ఒక బంతి లేచి ఇంకో బంతి కూర్చునేలోగా ఫోన్లో ఒక తీర్పు చదివేస్తారు. వీళ్ళకు ఎంబీఏ అయిపోయింది, పీఎంపీ అయిపోయింది, ప్రాణాయామం కూడా అయిపోయింది. ఇక మిగిలింది లా.

మా సెక్షన్ గారి విషయంలో కారణం ఇంకొంచెం సూటిది. ఆయన పదహారేళ్ళ అనుభవమంతా గుమ్మరించి తయారుచేసిన ఒక అగ్రిమెంటును లీగల్ విభాగంలో కొత్తగా చేరిన పాతికేళ్ళ అమ్మాయి పద్దెనిమిది చోట్ల ఎర్రగీతలు కొట్టి తిప్పిపంపింది. ఆ రాత్రి ఆయనకు నిద్రపట్టలేదు. తెల్లారేసరికి ఫీజు కట్టేశారు.

ఇలాంటి చదువుకు లా డిగ్రీ ఉండక్కర్లేదు. బెంగళూరు నేషనల్ లా స్కూల్ వాళ్ళ రెండేళ్ళ ఎం.బి.ఎల్. తీసుకోండి, ఏ డిగ్రీ ఉన్నా చేరొచ్చు. ఈయన చేరింది ఎక్కడో మాత్రం చెప్పను. చెబితే నాకే నోటీసు వస్తుంది. ఇక్కడొక తిరకాసు ఉంది, అది బంధువులకు ఇప్పటికీ ఎక్కలేదు. ఈ చదువుతో నల్లకోటు రాదు. కోర్టులో వాదించాలంటే కాలేజీకి వెళ్ళి ఎల్‌ఎల్‌బీ చదివి, బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. ఎం.బి.ఎల్. చేస్తే చట్టం తెలుస్తుంది, అంతే. అది చెప్పుకోవడానికి జడ్జి దొరకడు. కాబట్టి మేం దొరికాం.

చేరిన వారం కోఠీకి వెళ్ళి 1872 నాటి కాంట్రాక్టు చట్టం కొనుక్కొచ్చారు. మర్నాడు నా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, దీంట్లో 75 తర్వాత తిన్నగా 124 వచ్చింది. కొట్టువాడు మోసం చేశాడు, మధ్యలో పేజీలు లేవు" అన్నారు. వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు కూడా సగం రాసేశారు. పేజీలు పోలేదు. సరుకుల అమ్మకం తాలూకు సెక్షన్లు 1930లో విడిపోయి సొంత చట్టంగా వేరుకాపురం పెట్టుకున్నాయి. భాగస్వామ్యం తాలూకువి 1932లో అదే దారి పట్టాయి. ఖాళీ అయిన గదుల నంబర్లు మాత్రం అలాగే ఉంచేశారు. ఫిర్యాదు రెండో పేరా దగ్గర ఆగిపోయింది.

క్లాసులు ఆన్‌లైన్లో, ఆదివారం పది నుంచి పన్నెండు దాకా. ఆ వేళకు మన ఇళ్ళలో ఏమేం జరుగుతాయో పాఠ్యప్రణాళిక వేసినవాళ్ళకు తెలియదు. చికెన్ కడగడం, మిక్సీ, పైపు రిపేరువాడు, తలంటు, ఊళ్ళోంచి ఫోన్లు. ఈయన కెమెరా కట్టేసి, మైకు కట్టేసి, బాల్కనీలో కూర్చుని వింటూ ఉంటారు. ఒక ఆదివారం మైకు కట్టేయడం మరిచిపోయారు. సరిగ్గా అప్పుడే కింద కూరల బండి ఆగింది.

"ఏమయ్యా, కొత్తిమీర కట్ట ఇరవయ్యా? నిన్న పదేగా! ఏం, రాత్రికి రాత్రి బంగారం కాసిందా?"

బెంగళూరు నుంచి భువనేశ్వర్ దాకా ఎనభై మంది విన్నారు. ప్రొఫెసరు పాఠం ఆపేశారు. ఆయనకు తెలుగు రాదు. విజయవాడ సీఏ ఒకాయన అడక్కుండానే తర్జుమా చేసిపెట్టారు. ప్రొఫెసరు గారు తిడతారేమో అనుకున్నారు అందరూ. ఆయన చేతిలో పుస్తకం మూసేసి, "ఆగకండి, బేరం కానివ్వండి" అన్నారు.

ఆ తర్వాత జరిగింది నేను నాలుగో అంతస్తు నుంచి చూశాను. క్లాసులో నడిచిన మాటలు 304 ఇల్లాలు చెప్పారు. బండి మీద కొత్తిమీర పేర్చి ధర అరవడం ఆఫర్ కాదట. అది 'రండి, మీరే అడగండి' అనే పిలుపు మాత్రమేనట. షాపులో అరల మీద సరుకు పెట్టడమూ అంతేనని బూట్స్ అనే మందుల కంపెనీ కేసులో 1953లో ఇంగ్లండు కోర్టు తేల్చింది. కాబట్టి సెక్షన్ గారు పైనుంచి "పదికిస్తావా?" అన్నదే ఆఫర్. బండివాడు "పదిహేను" అనగానే ఆ ఆఫర్ చచ్చి, కొత్త ఆఫర్ పుట్టింది. సెక్షన్ గారు మాట్లాడకుండా తాడు కట్టిన బుట్టలో పదిహేను రూపాయలు వేసి కిందికి దింపడం అంగీకారం. నోటితో చెప్పక్కర్లేదు, బుట్ట దిగితే చాలు.

అంతా బాగానే ఉంది గానీ, బుట్ట పైకి వచ్చేసరికి కొత్తిమీరతోపాటు రెండు కరివేపాకు రెబ్బలు ఉన్నాయి. కొసరు! ప్రొఫెసరు గారు దాని అర్థం చెప్పించుకుని కుర్చీలో ముందుకు జరిగారట. దీనికి ప్రతిఫలం ఏమిటి? ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదని 25వ సెక్షన్ అంటుంది కదా? అరగంట చర్చ. చివరికి, ఇచ్చేసిన బహుమతి జోలికి ఆ సెక్షన్ పోదు కాబట్టి బుట్టలో పడ్డ కరివేపాకు నిలుస్తుందని తేల్చారు. సెక్షన్ గారు ఈ తీర్పును బండివాడికి పైనుంచి వినిపించారు. వాడు తల పైకెత్తి, "బహుమతి లేదు ఏం లేదు సార్. కొసరు ఎయ్యకపోతే రేపు మీరు నా బండి దగ్గర కొంటారా?" అన్నాడు. ఆ లెక్కన అది ప్రతిఫలమే. ప్రొఫెసరు గారు ఆ రోజు క్లాసు పావుగంట ముందే ముగించారు.

ఆఫీసులో సంగతి వేరు. ఈయన లా చదువుతున్నారని తెలియగానే పైఅధికారి భుజం తట్టి "వెరీ గుడ్" అన్నారు. ప్రమోషన్ రాలేదు, పని వచ్చింది. చదవాల్సిన అగ్రిమెంట్లన్నీ ఈయన బల్ల మీదికి చేరాయి. తమాషా ఏమిటంటే, ఈయనకు అది శిక్షలా అనిపించలేదు. ఏడేళ్ళుగా నోటిమాట మీద ఆ ఆఫీసుకు టీ పోస్తున్న మనిషిని పిలిచి, తొమ్మిది పేజీల అగ్రిమెంటు చేతిలో పెట్టారు. అందులో వరదలు వస్తే ఏమిటి, యుద్ధం వస్తే ఏమిటి, తగాదా వస్తే మధ్యవర్తిత్వం ఏ ఊళ్ళో జరగాలి, టీ గుట్టు బయటపెడితే నష్టపరిహారం ఎంత, అన్నీ ఉన్నాయి. అతను కొడుకు చేత చదివించుకుని మూడోరోజు వచ్చాడు.

"సార్, అంతా బాగుంది. పాలు ఎక్కడ రాశారు?"

వెతికారు. తొమ్మిది పేజీల్లో పాలు లేవు, చక్కెర లేదు, కప్పు ధర కూడా లేదు. ఏమిటో తేలని ఒప్పందం చెల్లదని 29వ సెక్షన్; ఆ సెక్షన్ మీద వారం క్రితమే ఈయన అసైన్‌మెంట్ ఇచ్చి ఉన్నారు. టీ ఇప్పటికీ నోటిమాట మీదే నడుస్తోంది.

సంక్రాంతికి ఊరెళితే అరుగు మీద పెదనాన్నగారు గట్టు తగాదా ఎత్తారు. పక్కచేనువాడు రెండు మూరలు జరిపాడు. "ఒరేయ్, లాయరు చదువుతున్నావుగా, ఏం చేద్దాం చెప్పు."

"అది మా సిలబస్‌లో లేదు పెదనాన్నా. మీరో కంపెనీ అయితే చెప్పగలను."

కంపెనీ అంటే ఏమిటని అడిగారాయన. ఇంక ఆగుతారా! లండన్లో సాలమన్ అనే చెప్పుల వ్యాపారి ఉండేవాడు, కంపెనీకి ఏడుగురు సభ్యులు ఉండాలని చట్టం, వాడు, పెళ్ళాం, అయిదుగురు పిల్లలు కలిసి సరిగ్గా ఏడుగురు. 20,007 వాటాల్లో 20,001 వాడివే, మిగతావాళ్ళకు తలా ఒకటి. వ్యాపారం దివాలా తీస్తే, కంపెనీ వేరు మనిషి వేరు, దాని అప్పు వాడి నెత్తికి చుట్టుకోదని 1897లో తీర్పొచ్చింది. పెదనాన్నగారు చుట్ట ఆర్పి శ్రద్ధగా విన్నారు. తర్వాత ఇంట్లోవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టారు. ఏడుగురే. "అయితే సొసైటీ బాకీ మనది కాదన్నమాట" అన్నారు. ఈయన తిరుగు బస్సెక్కేదాకా ఆ మాట వెనక్కి తీయించలేకపోయారు.

ఇల్లాలి దగ్గర మాత్రం ఈయన లా ఒక్కసారీ గెలవలేదు. పాతికో పెళ్ళిరోజుకు గాజులు కొంటానన్నారు. బంగారం ధర చూశాక, బాల్ఫర్ వర్సెస్ బాల్ఫర్, 1919, అన్నారు. సిలోన్‌లో ఉద్యోగం చేసే ఆ దొర ఇంగ్లండులో ఉన్న భార్యకు నెలకు ముప్పై పౌండ్లు పంపుతానని మాటిచ్చి ఎగ్గొడితే, మొగుడూ పెళ్ళాల మధ్య ఇంటి మాటలు ఒప్పందాలు కావని కోర్టు ఆమె దావా కొట్టేసింది. ఆవిడ శాంతంగా విన్నారు. "అంటే రోజూ నేను వండిపెడతాననుకోవడం కూడా ఒప్పందం కాదుగా?" అన్నారు. మూడు రోజులు సెక్షన్ గారు హోటల్ ఇడ్లీ తిన్నారు. నాలుగో రోజు లొంగిపోయి, సరే కొంటానన్నారు. "ప్రేమాభిమానాల మీద ఇచ్చే మాట కాగితం మీద రాసి రిజిస్టర్ చేయిస్తేనే చెల్లుతుంది, 25వ సెక్షన్లో మొదటి మినహాయింపు" అన్నారావిడ, పోపు వేస్తూ.

సెక్షన్ గారి నోట మాట రాలేదు. ఇన్ని నెలలుగా స్పీకర్లో క్లాసు నడుస్తుంటే బాల్కనీలో ఈయన సగం కునుకు తీస్తున్నారు, వంటింట్లో ఆవిడ వింటున్నారు. ఇంకోసారి, "దసరాకు మా అమ్మావాళ్ళని రమ్మంటాను, సరేనా" అని ఈయన అడిగితే ఆవిడ పలకలేదు. మౌనం అర్ధాంగీకారమని ఈయన టికెట్లు కొనేశారు. "మౌనం అంగీకారం కాదండీ. ఫెల్ట్‌హౌస్ వర్సెస్ బిండ్లీ, 1862. జవాబు రాకపోతే గుర్రం నాదే అనుకుంటానని సోదరుడి కొడుక్కి ఉత్తరం రాసినాయన ఓడిపోయాడు" అన్నారట. అయినా అత్తగారికి ఇష్టమని సున్నుండలు చేసి ఉంచారు. అది వేరే సంగతి. అత్తాకోడళ్ళ వ్యవహారం కాంట్రాక్టు చట్టం కిందికి రాదు.

నాకూ ఈయనతో ఒక గొడవ ఉంది. అసోసియేషన్ లెక్కలు చూసేది నేను. 2016 నాటి దివాలా చట్టం చదువుతున్న నెలల్లో ఈయన మెయింటెనెన్స్ ఆపేసి, తలుపు తీయకుండానే "మారటోరియం, మాస్టారూ!" అని కేకేశారు. కేసు నడిచినన్నాళ్ళూ బాకీదారుని ఎవరూ కదపకూడదని 14వ సెక్షన్. మామూలుగా 180 రోజులు, సాగితే 330. అది కంపెనీలకు గానీ 304కు కాదని చెప్పినా వినలేదు. నేనేమీ వాదించలేదు. వాచ్‌మన్ టెర్రస్ మీదికెళ్ళి ఒక వాల్వు తిప్పాడు. మారటోరియం తలకు షాంపూ పెట్టుకున్న చోట ముగిసింది. మూడు నెలల బాకీ తువ్వాలుతోనే వచ్చి కట్టారు, రసీదు అడిగి మరీ తీసుకున్నారు.

నవ్వుతున్నాను గానీ, రాత్రి ఒంటిగంటకు నేను మంచినీళ్ళకు లేచినప్పుడల్లా కింద 304 బాల్కనీలో లైటు వెలుగుతూనే ఉంటుంది. పొద్దున్న ఏడున్నరకు ఆయన ఆఫీసు బస్సు. నా వల్ల అయితే కాదు.

కాంట్రాక్టుల పేపర్లో 61 వచ్చాయి. దివాలా చట్టం పోయింది. మళ్ళీ వచ్చే నెల రాస్తున్నారు. ఇంట్లోంచే, కెమెరా ముందు, మూడు గంటల పరీక్ష. గదిలోకి ఇంకో మనిషి వస్తే పేపరు రద్దు. అందుకని మా బ్లాకువాళ్ళందరికీ ఒక విన్నపం. ఆ ఆదివారం పది నుంచి ఒంటిగంట దాకా ఎవరూ 304 బెల్లు కొట్టకండి, పక్కింటివాళ్ళు మిక్సీ వేయకండి. కూరల బండివాడికి నేను చెప్పాను. పదకొండు తర్వాత వెనక గేటుకు వస్తానన్నాడు.