పొందూరులో మైకు పట్టుకోబోయేవారికి

పొందూరులో అవగాహన సదస్సు పెట్టాలనుకుంటున్నారా? ముందు వేళ చూసుకోండి. పొద్దున్న పదకొండు గంటలు శ్రేష్ఠం. రాట్నం ముందు కూర్చునే ఆడవాళ్లకూ, మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకున్న నేతగాళ్లకూ చెయ్యి బాగా ఆడే సమయం అదే, కాబట్టి అందరూ ఇళ్లలోనే దొరుకుతారు. పని ఆగిపోతుందే అన్న బెంగ మీకక్కర్లేదు. వడికేవాళ్లకు కూలి నూలు చిలపల లెక్కన వస్తుంది గానీ గంటల లెక్కన కాదు. మీరు మింగేసిన రెండు గంటలకు ఎవరూ బిల్లు పెట్టరు.

సభకు రకరకాల జనం వస్తారు. వడికేవాళ్లు, నేసేవాళ్లు, లెక్కలు రాసేవాళ్లు, దుకాణంలో పంచెలు చూపించేవాళ్లు, లెక్చరరు పంపిస్తే వచ్చిన కాలేజీ పిల్లలు. ఒక్కొక్కరితో మాట్లాడే తీరు ఒక్కొక్కటని పాతకాలం మనుషులు అంటారు. వినకండి. పెన్‌డ్రైవులో ఉన్న ఒక్క ప్రసంగం అందరికీ చాలు. మొన్న అనంతపురంలో వేరుశనగ రైతులకు చూపించిన స్లైడ్లయినా ఫర్వాలేదు. సాధికారత, మార్కెట్ అనుసంధానం, నైపుణ్యాభివృద్ధి లాంటి మాటలు పత్తికీ పల్లీకీ ఒకేలా అతుకుతాయి.

భాష విషయంలో మీకు రెండు దారులున్నాయి. ఒకటి, రేడియో వార్తల భాష. రెండోది ఇంకా మంచిది: సినిమాల్లో విన్న సికాకుళం యాస. మైకు అందుకోగానే "ఏటర్రా, అంతా బాగున్నారేటి?" అని దీర్ఘాలు తీసి అరవండి. జనం నవ్వుతారు. ఎందుకు నవ్వారో ఆరా తీయొద్దు, దాన్ని ఆదరణ కింద జమ వేసుకోండి. డెబ్బై ఏళ్లావిడను "అప్పా" అనో "పిన్నీ" అనో పిలవాలేమోనన్న అనుమానం వస్తే అణిచేసుకోండి. పొద్దుటి నుంచి రాత్రి దాకా మేడమ్ అని ఎవరూ పిలవని మనిషిని మేడమ్ అని పిలిస్తే ఆవిడ వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూస్తుంది. ఆ మర్యాద అలాంటిది.

ఈ శ్రీకాకుళం జిల్లాలోనే ఒకాయన భాష విషయంలో మహా పొరపాటు చేశాడు. గిడుగు రామమూర్తి. 1863లో పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో మేష్టరీ చేస్తూ, కొండల్లో ఉన్న సవరలకు చదువు చెప్పాలనుకున్నాడు. అందాకా బాగానే ఉంది. దానికోసం తానే కూర్చుని సవర భాష నేర్చుకున్నాడు! తర్వాత ఆ భాషకు వ్యాకరణం రాశాడు, 1931లో అచ్చయింది. అక్కడితోనైనా ఆగాడా, నిఘంటువు కూడా కూర్చాడు. ఎన్నేళ్ల పని అది! సవరలనే ఓ హాల్లో కూర్చోబెట్టి గ్రాంథికంలో ఉపన్యాసం ఇచ్చుంటే మధ్యాహ్నం భోజనాల వేళకు తేలిపోయేది.

ఇక అసలైన మెళకువ: ఎదుటివాళ్లకు బాగా తెలిసినదాన్నే ఎంచుకుని వాళ్లకు బోధించండి. తెలియనిది చెబితే ప్రశ్నలు వేస్తారు. వడికేవాళ్ల ముందు "పత్తి అంటే ఏమిటి?" అన్న స్లైడుతో మొదలుపెట్టండి. ముందు వరసలో ఒక పెద్దావిడ మీ మాటలు వింటూనే ఒళ్లో ఏదో పని చేసుకుంటుంటుంది. చేతిలో చిన్న ఎముక ముక్క ఉంటుంది, అంచు పొడుగునా సన్నని పళ్లు. అది వాలుగ చేప దవడ. గోదావరి వైపు నుంచి తెప్పించుకుంటారు. గింజను వేళ్ల మధ్య పట్టుకుని, దానికి అంటుకున్న దూదిని ఆ పళ్ల మీద మెల్లగా లాగుతుంది. నలక, పొట్టు కింద రాలిపోతాయి. పోగులన్నీ దువ్విన జుట్టులా ఒకే వైపుకు పడుకుంటాయి. ఒక గింజ అయ్యాక ఇంకో గింజ. ఆ తర్వాత చెక్క మీద ఇనప కడ్డీతో గింజను నొక్కి దూది వేరు చేయాలి, విల్లుతో ఏకాలి, ఏకులు చుట్టాలి. చుట్టిన ఏకు చేతి చెమటకు పాడవకుండా ఎండిన అరటి దవ్వలో పెట్టి పట్టుకోవాలి. అప్పటికి గానీ రాట్నం దగ్గరికి రాదు. ఆ రాట్నం మీద నుంచి వంద కౌంటు నూలు దిగుతుంది. అంటే కిలో నూలు సాగదీస్తే వంద కిలోమీటర్లు, ఇంచుమించు పొందూరు నుంచి విశాఖ దాకా.

ఇదంతా చూడకండి. చూశారా, అడగాలనిపిస్తుంది. అడిగారా, సమయపాలన దెబ్బతింటుంది. "అమ్మా, సెల్‌ఫోను పక్కన పెట్టినట్టు ఆ ఎముక కూడా పక్కన పెట్టండి" అని నవ్వుతూ మందలించి, నాణ్యత మీద తర్వాతి స్లైడుకు వెళ్లండి.

నేతగాళ్ల సంగతి తేలిక. వాళ్లు ఎలాగూ వెనక గోడకు ఆనుకునే ఉంటారు. మగ్గం మీద తెగిన పోగు ముడి వేయకుండా వచ్చినవాడు మాటిమాటికీ గుమ్మం వైపు చూస్తుంటాడు. మీ ఉపన్యాసంలో లీనమైపోయాడని రాసుకోండి. కాలేజీ పిల్లలకు ఇన్‌స్టాగ్రామ్ అన్న మాట రెండుసార్లు వినిపిస్తే చాలు.

కొనేవాళ్లతో మాట్లాడటం వేరే విద్య. హైదరాబాదు నుంచి కారులో వచ్చి పంచె ధర విని కళ్లు తేలేసేవాడికి వివరాలతో పని లేదు. చేనేత, ఖద్దరు రెండూ ఒకటేనని చెప్పేయండి. మిల్లు నూలుతో చేతిమగ్గం మీద నేసినా చేనేతే అవుతుందనీ, నూలు కూడా చేత్తో వడికితేనే ఖద్దరు అవుతుందనీ చెప్పడం మొదలుపెడితే, అతనికి ధర ఎందుకంత ఉందో అర్థమైపోతుంది. అర్థమైతే బేరం ఆడడు. బేరం లేని కొనుగోలు ఏం కొనుగోలు? దానికి బదులు గాంధీగారు తన కొడుకు దేవదాస్‌ను ఇక్కడికి పంపారట అనండి, అక్కినేని నాగేశ్వరరావు కట్టిన పంచె అనండి. కొనేవాడికి కథ చాలు, నూలు అక్కర్లేదు. విలేకరులకూ ఈ రెండు ముక్కలే ఇవ్వండి. వాళ్ల దగ్గర ముందే ఉంటాయి, దిద్దుకునే శ్రమ తప్పుతుంది.

ఊళ్లో 1949లో పుట్టిన ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఉంది. ఎవరి ఇంట్లో ఏ కౌంటు తీస్తారో, ఎవరి చూపు మందగించిందో, ఎవరి కోడలు రాట్నం ముట్టనంటోందో తెలిసినవాళ్లు ఇలాంటి చోట రోజూ నూలు తూచి పుచ్చుకుంటుంటారు. వేదిక మీద కుర్చీలు తక్కువ కాబట్టి వాళ్లను కింద కూర్చోబెట్టండి. పైన పూలదండలకు సరిపడా అతిథులు ఎలాగూ ఉంటారు.

మధ్యలో ఎవరైనా ప్రశ్న అడిగితే "చివర్లో తీసుకుందాం" అనండి. చివర్లో ఫొటో ఉంటుంది. ఫొటోలో వడికేవాళ్లు ముందు, మీరు మధ్యలో, రాట్నం మీ చేతిలో. చక్రం ఎటు తిప్పాలో తెలియకపోయినా ఫొటోలో అది కనపడదు.

నివేదిక ఆ రాత్రే రాసేయండి, మర్నాటికి ముఖాలు గుర్తుండవు. హాజరుపట్టీ జతచేసి, సభికులు ఉత్సాహంగా పాల్గొన్నారని, పరస్పరం అభిప్రాయాలు పంచుకున్నారని రాయండి. మీరు కారెక్కుతుంటే ఆ ముందు వరస పెద్దావిడ కిటికీ దగ్గరికొచ్చి, "బాబూ, మీ ఊళ్లో చేపల బజారుందా? వాలుగ దవడలు మునుపట్లా దొరకట్లేదు, కనపడితే నాలుగు పంపుతావేటి?" అని అడుగుతుంది. దాన్ని ప్రశ్నోత్తరాల్లో చేర్చకండి. ఎజెండాలో చేపల ప్రస్తావన లేదు.