మిలిటరీ పెట్టె

పొన్నూరులో మా వీధివాళ్లు నన్ను మిలిటరీ పెట్టె అంటారు. నల్లరంగు వేసిన ఇనపరేకు ట్రంకుపెట్టెను. మూత మీద తెల్ల పెయింటుతో ఒక నంబరు, దాని పక్కన హోదా, ఆ కింద నా యజమాని పేరు. మొదట సాపర్ అని రాయించాడు. నాయక్ అయ్యాక దాన్ని చెరిపించాడు, హవల్దార్ అయ్యాక మళ్లీ చెరిపించాడు. ఇప్పటికీ వేలితో తడిమితే మూడు పొరలూ తెలుస్తాయి.

చైనా యుద్ధం అయిన మరుసటేడు, 1963లో ఆయన సైన్యంలో చేరాడు. దేశం సైన్యాన్ని పెంచుకుంటున్న రోజులవి. బెంగుళూరు హలసూరు చెరువు దగ్గర మద్రాస్ ఇంజనీర్ గ్రూపు కేంద్రం ఉంది. తెలుగు, తమిళ, మలయాళ, కన్నడ కుర్రాళ్లు అక్కడికే వస్తారు. ఎవరు ఎక్కడివాళ్లయినా అందరికీ ఒకటే పిలుపు: తంబీ. అక్కడి బజార్లోనే నన్ను కొన్నాడు.

సెలవుకి వచ్చినప్పుడల్లా నిడుబ్రోలు స్టేషన్లో దిగేవాళ్లం. పొన్నూరుకి రైలు స్టేషన్ అదే. వచ్చేటప్పుడు నాలో క్యాంటీన్ సబ్బులు, తమ్ముడికి కంబళి. వెళ్లేటప్పుడు గోంగూర పచ్చడి, ఆవకాయ, వాళ్లమ్మ దంచిన కారం. ఆ ఘాటు నా రేకుకి పట్టేసింది. బారక్‌లో నా మూత తీస్తే చాలు, పక్క మంచాలవాళ్లు గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్లు.

1971 డిసెంబరు 3న పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైంది. నేను యుద్ధం చూడలేదు. ముందుకు వెళ్లేవాళ్లు పెట్టెలు వెంట తీసుకెళ్లరు. తాళాలు వేసి, వెనక స్టోరులో వరసగా పేర్చి వెళతారు. వెళ్లే ముందు ఆయన నాలో పెళ్లినాటి చొక్కా, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాల కట్ట పెట్టాడు. పైన ఉన్న ఉత్తరంలో వరి కోతకొచ్చిందనీ, చేలో మినుములు చల్లామనీ ఉంది. చిరునామా 56 ఏపీఓ, అంటే సైన్యం పోస్టాఫీసు.

ఆ స్టోరులో నేను చూసింది మాత్రం ఇప్పటికీ మర్చిపోలేను. తిరిగిరానివాళ్ల పెట్టెలు ముగ్గురు నలుగురు కూర్చుని తెరిచారు. ఒక్కో వస్తువూ పేరు చెప్పి జాబితా రాశారు. దువ్వెన, ఒకటి. ఫొటో, ఒకటి. రెండు చొక్కాలు. రాయడం అయ్యాక సీలు వేసి వాళ్ల ఊళ్లకు పంపించారు. నా పక్క పెట్టె అలాగే వెళ్లిపోయింది. నా తాళం ఎవరు తీస్తారోనని నేను ఎదురుచూశాను. చివరికి ఆయనే వచ్చి తీశాడు.

యుద్ధం సంగతి ఆయన చాలాకాలం చెప్పలేదు. మనవడు పదోక్లాసులో ఉండగా అడిగాడు: "తాతయ్యా, నువ్వు ఎంతమందిని చంపావు?"

"నేను చంపలేదురా. దారి వేశాను."

ఆ రాత్రి మంచం మీద కూర్చుని మొత్తం చెప్పాడు. కింద ఉన్న నేనూ విన్నాను. షకర్‌గఢ్ ప్రాంతంలో బసంతర్ నది. దానికి అటూ ఇటూ పాకిస్తాన్ సైన్యం మందుపాతరలు నాటింది. మన ట్యాంకులు దాటాలంటే ముందు సాపర్లు, అంటే ఇంజనీరు దళం జవాన్లు, వెళ్లాలి. బోర్లా పడుకుని ఇనప చువ్వని ఏటవాలుగా నేలలో గుచ్చుతారు. నిటారుగా గుచ్చితే మీట మీద పడుతుంది. గట్టిగా తగిలితే చేత్తో మట్టి తీస్తారు. తీసినంత మేరా రెండు పక్కలా తెల్ల పట్టీ పరుస్తారు. ఇదంతా చీకట్లో, పైన ఫిరంగి గుళ్లు పడుతుండగా. 9వ ఇంజనీర్ రెజిమెంటు మేజర్ విజయ్ రతన్ చౌదరి అలా దారులు తీయిస్తూనే ప్రాణం ఇచ్చాడు. ఆయనకి మహావీర్ చక్ర ఇచ్చారు. ఆ దారుల మీదుగానే పూనా హార్స్ ట్యాంకులు నది దాటాయి. డిసెంబరు 16న ఇరవై ఒక్క ఏళ్ల అరుణ్ ఖేతర్‌పాల్ తగలబడుతున్న ట్యాంకు దిగకుండా పోరాడి పరమవీర చక్ర పొందింది అక్కడే. మర్నాడు కాల్పుల విరమణ.

పుస్తకాల్లో ట్యాంకుల పేర్లుంటాయి, ఖేతర్‌పాల్ పేరుంటుంది. ఉండాల్సిందే. కానీ ట్యాంకు కంటే ముందు పాకిన తంబీల పేర్లు ఎక్కువగా వాళ్ల పెట్టెల మూతల మీదే మిగిలాయి. నాకు ఆ బాధ ఉంది.

పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్, స్వాతంత్ర్య రజతోత్సవ పతకం, మూడూ నాలోకి వచ్చాయి. 1980లో ఆయన ఇంటికి వచ్చేశాడు. పెన్షన్ పత్రం అలహాబాద్ నుంచి వచ్చింది. ఆ డబ్బు చాలక చాలా ఏళ్లు ఒక బ్యాంకు గుమ్మం దగ్గర రెండు గొట్టాల తుపాకీ పట్టుకుని నిలబడ్డాడు. ఉన్న కొద్ది మాగాణీ చేసుకున్నాడు. పొలం గట్టు మీద కొత్తగా తవ్విన మట్టి కనిపిస్తే దాని మీద కాలు వేయడని, చుట్టూ తిరిగి వెళతాడని ఆయన భార్య చెబుతుండేది. ఊళ్లో పిల్లలు దానికి నవ్వేవాళ్లు. ఆవిడ ఎప్పుడూ నవ్వలేదు.

2021 జూలైలో జమ్మూకాశ్మీర్ సుందర్‌బనీలో 17 మద్రాస్ రెజిమెంటు జవాను మారుప్రోలు జశ్వంత్ రెడ్డి చనిపోయాడు. మాకు పొరుగునే ఉన్న బాపట్ల మండలం కొత్తపాలెం కుర్రాడు. టీవీలో ఆ వార్త చూసి ఈయన లేచి వచ్చి నా మూత తీశాడు. పతకాలు బయటికి తీయలేదు. ఆ కుర్రాడి పెట్టె కూడా ఇంటికి వస్తుంది కదా అన్నాడు. అంతే, ఇంకేం మాట్లాడలేదు.

తర్వాతి ఏడాది ఆయనే పోయాడు. అసలు కష్టం అప్పుడు మొదలైంది. 1980 నాటి పెన్షన్ పత్రాల్లో చాలావాటిలాగే ఆయన దాంట్లోనూ భార్య పేరు లేదు. సైన్యం రికార్డులో ఆవిడకి ఇంట్లో పిలిచే పేరు, ఆధార్‌లో ఇంకో పేరు. కుటుంబ పెన్షన్ ఆగిపోయింది. నెలల తరబడి ఆవిడ తిరిగింది. పేరు ఒకటి కానప్పుడు మనిషి ఒకరేనని ఎలా నమ్మాలి అన్నారు ఒకచోట. యాభై ఏళ్లకు పైగా కాపురం చేసిన ఆడమనిషిని అడిగే మాటేనా అది?

చివరికి దారి దొరికింది నాలోనే. అడుగున పరిచిన పాత పేపరు కింద, పెళ్లి సంగతి సైన్యం రికార్డులో ఎక్కించినప్పటి పార్ట్ టూ ఆర్డర్ నకలు, పక్కనే డిశ్చార్జి పుస్తకం. నేను తుప్పుపట్టానని అంతకు ముందు ఏడాదే కొడుకు పాతసామాన్లవాడికి ఇచ్చేయబోతే ఆవిడ అడ్డం పడింది. లేకపోతే ఆ కాగితాలు కూడా పోయేవి.

అందుకే ఈ మాట చెప్పడానికి నోరు తెరిచాను. మీ ఇంట్లో మాజీ సైనికుడు ఉంటే నాలాంటి పెట్టె ఒకటి మంచం కిందో అటక మీదో ఉంటుంది. దాన్ని ఆయన చేతే తెరిపించండి. డిశ్చార్జి పుస్తకం, పెన్షన్ పత్రం (పీపీఓ), భార్య ఆధార్ పక్కపక్కన పెట్టి, ఆవిడ పేరు, పుట్టిన తేదీ మూడింట్లో ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. తేడా ఉంటే గుంటూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తీసుకెళ్లి సరిచేయించండి. ఆయన సంతకం పెట్టగలిగి ఉండగానే ఆ పని చేయండి.