సమరయుడి ఖర్చుకు వోచర్లేవీ?

పొరుగువాణ్ణి ప్రేమించడంలో మన సంఘాలకు ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా పొరుగువాడితోనే. అతగాడు కాస్త దూరంగా ఉంటే చాలు, ప్రేమ ఏరులై పారుతుంది. ఆఫ్రికాలో ఆకలితో ఉన్నవాళ్ల కోసం అయ్యగారు కన్నీటి ప్రార్థన చేస్తారు, సంఘమంతా ఆమెన్ అంటుంది. చర్చి ప్రహరీ అవతలి గుడిసె సంగతి ఎత్తారో, 'అది పంచాయతీవాళ్లు చూసుకోవాలి బ్రదర్' అంటారు.

ఈ చిక్కు తేల్చడానికి ఒక సంఘ కమిటీ కూర్చుని, ఏకంగా మూల పత్రాన్నే ఆడిట్ చేసిందనుకోండి. మూల పత్రమంటే లూకా సువార్త పదో అధ్యాయం. యెరూషలేము నుంచి యెరికోకు దిగే దారిలో దొంగలు కొట్టి పడేసిన మనిషి, చూసీ చూడనట్టు పోయిన యాజకుడు, అతని వెనకే లేవీయుడు, చివరికి ఆగిన సమరయుడు. సండే స్కూలు పిల్లలు క్రిస్మస్‌కి నాటిక వేసినప్పుడు, యాజకుడి గడ్డం ఊడిపోయినా దెబ్బతినని కథ ఇది. కమిటీ మినిట్స్ మాత్రం ఇలా ఉంటాయి.

మొదటి అభ్యంతరం. గాయపడ్డ వ్యక్తి ఏ ఊరివాడో, ఎవరి తాలూకో, ఏ సంఘ సభ్యుడో, చందా బకాయి ఎంతో రికార్డులో లేదు. ఎవరో మనిషి అని వదిలేశారు. ఆ గళ్లు నింపకుండా సాయం మంజూరు చేయడం నిబంధనలకు విరుద్ధం.

రెండో అభ్యంతరం. గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోశాడు. నూనె సరే. ప్రయాణంలో ఉన్నవాడి సంచిలో ద్రాక్షారసం ఎందుకుంది? ఉపసంఘం వేసి విచారించాలి.

మూడో అభ్యంతరం. పూటకూళ్లవాడికి రెండు దేనారాలు, అంటే ఆ రోజుల్లో రెండు రోజుల కూలి, ఇచ్చేశాడు. వోచరు లేదు. పైగా ఇంకేమైనా ఖర్చయితే తిరుగు ప్రయాణంలో తీరుస్తానన్నాడు. ఇలా హద్దు లేని హామీలిస్తే సంఘం దివాలా తీస్తుంది. సర్వసభ్య సమావేశం తీర్మానం తప్పనిసరి.

నాలుగోది అన్నిటికన్నా తీవ్రమైనది. ఫొటో లేదు. ఒక పక్క అధ్యక్షుడు, ఇంకో పక్క కార్యదర్శి, మధ్యలో దుప్పటి, దుప్పటి వెనక ఎక్కడో ఒక ముసలావిడ లేకుండా జరిగిన సాయాన్ని సాయంగా పరిగణించే ఆనవాయితీ మనకు లేదు.

యాజకుడు, లేవీయుడు ఆగకపోవడంలో తప్పేమీ లేదని కమిటీ ఏకగ్రీవంగా అభిప్రాయపడింది. ఇద్దరూ ఉజ్జీవ సభలకు ఆలస్యమై ఉంటారు. ఆ రాత్రి వాక్యం ప్రేమ మీదే.

నవ్వుకోండి, ఫరవాలేదు. ఆ మొదటి అభ్యంతరం దగ్గరికి వచ్చేసరికి మాత్రం నవ్వు రాదు. మనిషి కనబడగానే 'ఎవరి తాలూకు' అని అడిగే అలవాటు చర్చి గుమ్మం దగ్గర చెప్పులతోపాటు ఆగిపోలేదు. లోపలికొచ్చి ముందు వరసలో కూర్చుంది.

ఈ నేల మీద ఆగినవాళ్లు లేకపోలేదు. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర దగ్గర మాదిగలు సంఘంలో చేరుతుంటే, పెద్ద కులాలవాళ్లు తమ పిల్లల్ని ఆయన బడి మాన్పించారు. దొర బడిని పోనిచ్చాడు గాని మాదిగలను పోనివ్వలేదు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు ఒక మూడు మైళ్ల మేర తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. తిండి కోసం మతంలో చేరారన్న మాట పడకూడదని పదిహేను నెలలపాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ తర్వాతే, 1878 జులై 3న, గుండ్లకమ్మ నీళ్లలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అన్నం పెట్టిన చెయ్యి పేర్లు రాసుకోకుండా పదిహేను నెలలు ఓపిక పట్టిందన్నమాట. ఇవాళ బియ్యం సంచి చేతులు మారకముందే వాట్సాప్ స్టేటస్‌లోకి ఎక్కుతోంది.

దొరలందరూ క్లౌ లాంటివాళ్లేనా అంటే కాదు. ఆ మాట వాళ్ల ముఖమ్మీదే అన్నవాడు దోర్నకల్ అజరయ్య. తమిళదేశంలో పుట్టి, తెలుగు నేర్చుకుని, మన పల్లెల్లో పనిచేసిన మనిషి. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో లేచి నిలబడి, మీరు సొత్తులిచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, మాకింకా రావలసింది మీ స్నేహమే అన్న అర్థంలో మాట్లాడాడు. చాలామంది దొరలకు అది మింగుడు పడలేదు. 1912లో ఆయన దోర్నకల్ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ పీఠమెక్కిన తొలి భారతీయుడు.

దొరలు వెళ్లిపోయారు. వాళ్ల బంగళాలు మనకొచ్చాయి. బంగళాతోపాటు 'నువ్విక్కడే ఆగు' అనే వరండా కూడా వారసత్వంగా వచ్చింది. దాన్ని మాత్రం ఏ కోర్టు వ్యాజ్యమూ లేకుండా, ఎంతో ఐకమత్యంగా కాపాడుకుంటున్నాం.

ఆదివారం ఒకే రొట్టె విరుస్తాం. సోమవారం పెళ్లి ప్రకటన ఇస్తాం: తిరిగి జన్మించిన, ప్రార్థనాపరురాలైన, సాఫ్ట్‌వేర్ ఉద్యోగమున్న ఫలానా కులపు వధువు కావలెను. అమ్మాయి తిరిగి జన్మించింది, సంతోషం. ఆ రెండో జన్మ కూడా గురి తప్పకుండా అదే కులంలో ఎలా సంభవించిందో వేదాంత కళాశాలలవారే సెలవివ్వాలి. కొన్ని ఊళ్లలో మాలలకొక చర్చి, మాదిగలకొక చర్చి. పెద్ద కులాల విశ్వాసులు కారేసుకుని పట్నంలో చర్చికి పోతారు. కడబూర మోగిన రోజున దేవదూతలు కూడా వాడ వాడకీ విడిగా ఊదాలి కాబోలు.

ఇక హాస్యంలో సర్కారు మనల్ని మించింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు నేటికీ బయటే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వాళ్లది బీసీ-సీ, ఒక్క శాతం కోటా. మీ మతంలో కులం లేదు కదా అంటుంది సర్కారు. ఆ ముక్క పెళ్లిళ్ల పేరయ్యకు ఎవరూ చెప్పినట్టు లేరు. దళిత క్రైస్తవుడి కులాన్ని తాసీల్దారు కొట్టేస్తాడు, సంఘ పెద్ద కొట్టేయడు. మాలోనూ వివక్ష ఉంది, హోదా ఇవ్వండి అని ఢిల్లీలో వినతిపత్రం ఇచ్చొచ్చిన నోటితోనే, ఊళ్లో దిగి, మన సంఘంలో అలాంటివేమీ లేవని సాక్ష్యం చెప్పేవాళ్లూ ఉన్నారు.

2022 ఆగస్టు 27న హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు. దళితుల్లోంచి ఆ స్థానానికి చేరిన తొలి వ్యక్తి. గర్వంగా ఫ్లెక్సీలు కట్టాం, మంచిదే. ఆ ఫ్లెక్సీ కింద ఫొటో దిగినవాళ్లలో ఎందరు దళితవాడ నుంచి కోడల్ని తెచ్చుకున్నారని అడిగితే మర్యాదగా ఉండదు కాబట్టి అడగడం లేదు.

సంఘ పెద్దలకు ఒక్క మనవి. అజరయ్య ఆనాడు అడిగింది నిధులూ కాదు, స్టేజీ మీద కుర్చీ కూడా కాదు, స్నేహం. అందుకని ఈ క్రిస్మస్‌కి ప్రేమ విందును షామియానా కింద పెట్టకండి. ఇళ్లలో పెట్టండి. ఈ వాడవాళ్లు ఆ వాడ ఇళ్లకు, ఆ వాడవాళ్లు ఈ వాడ ఇళ్లకు వెళ్లి, వంటింట్లో కూర్చుని, ఇంటివాళ్లు తినే కంచాల్లోనే తినండి. డిస్పోజబుల్ ప్లేట్లు నిషేధం. ఖర్చు తగ్గుతుంది. ఎవరింటి గడప ఎవరు తొక్కలేదో కూడా ఒక్క పూటలో అందరికీ తెలిసిపోతుంది.