చలిని అరుగు దాటనివ్వను

అరచేతిలో ఇమిడిపోయే కప్పను నేను. ఎండుటాకు రంగు, కళ్ళ వెనక నల్లటి పట్టీ, తడి చర్మం. ఇంతకుమించి చూడ్డానికి ఏమీ లేదు. ఇక్కడివాళ్ళు వుడ్ ఫ్రాగ్ అంటారు. మీరు అడవి కప్ప అనండి, పలుకుతాను.

మాది అలాస్కా. ఫెయిర్‌బ్యాంక్స్ ఊరి చుట్టూ ఉన్న అడవి. ఉత్తర ధ్రువ వలయానికి కాస్త కింద. డిసెంబరు చివర్లో మాకు పగలు నాలుగు గంటలైనా ఉండదు. గాలి మైనస్ 40 డిగ్రీలకు పడిపోయే రోజులుంటాయి. మీ ఇంట్లో ఐస్‌క్రీం దాచుకునే ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉంటుంది. ఆ అంకె గుర్తుపెట్టుకోండి, దానితో మళ్ళీ పని పడుతుంది.

ఇలాంటి చోట కప్ప ఉండటమే వింత. మాకు సొంత వేడి లేదు. చుట్టూ ఎంత చలి ఉంటే ఒళ్ళూ అంతే. బొచ్చు లేదు, ఈకలు లేవు. ఇక్కడి ఎలుగుబంటి బాగా మేసి గుహలో ముడుచుకుంటుంది, లోపల దాని ఒళ్ళు వెచ్చగానే ఉంటుంది. చాలా పక్షులు దక్షిణానికి ఎగిరిపోతాయి. వేరే ఊళ్ళలో కొన్ని కప్పలు చెరువు అడుగున, గడ్డకట్టని నీళ్ళలో చలికాలం గడిపేస్తాయి. నేను ఎగరలేను, లోతుగా తవ్వలేను. నేలమీద రాలిన ఆకుల కింద కూర్చుంటాను. చలి అక్కడికీ వస్తుంది. రానిస్తాను.

పుట్టింది మే నెలలో, మంచు కరిగి నిండిన గుంటలో. వేసవి ముదిరితే ఎండిపోయే గుంట. మా అమ్మలకు అలాంటిదే ఇష్టం, ఎందుకంటే ఎండిపోయే గుంటలో చేపలుండవు, గుడ్లు తినేవాళ్ళు తక్కువ. ఒక్కో తల్లి వందల గుడ్లు పెడుతుంది. తల్లులందరూ ఒకేచోట కుప్ప పెడతారు. కుప్ప నడుమ ఉన్న గుడ్లు చుట్టూ ఉన్న నీటికన్నా కొంచెం వెచ్చగా ఉంటాయి. నేను నడుమ ఉన్నానో అంచున ఉన్నానో చెప్పడానికి అమ్మ లేదు, గుడ్లు పెట్టి అడవిలోకి వెళ్ళిపోయింది. మా జాతిలో తల్లులింతే, తప్పు పట్టకండి. తోకకప్పగా ఉన్నన్నాళ్ళు తోబుట్టువులను గుర్తుపట్టి వాళ్ళ పక్కనే ఈదాను. కాళ్ళు వచ్చాక ఎవరి దారి వాళ్ళది. కప్పల తక్కెడ అని మీవాళ్ళు ఊరికే అనలేదు.

గుంట ఎండేలోపు తోక పోయి కాళ్ళు రావాలి. వచ్చాయి. ఇక మిగిలిన వేసవంతా తిండే పని. పురుగులు, సాలీళ్ళు, నత్తలు, ఏది కదిలితే అది. తిన్నదాంట్లో చాలా భాగాన్ని కాలేయం గ్లైకోజన్ అనే చక్కెర నిల్వగా మార్చి దాచుకుంది. నా తిండిపోతుతనాన్ని చూసి నవ్వినవాళ్ళకు సెప్టెంబరులో జవాబు దొరికింది.

ఆ నెలలో ఒక రాత్రి. ఆకుల కింద కాళ్ళు ముడుచుకుని, తల దించుకుని కూర్చున్నాను. మంచు పలుకు ఒకటి నా చర్మాన్ని తాకింది.

ఇక్కడ కొంచెం ఆగి అసలు ప్రమాదమేమిటో చెప్పాలి. నీరు గడ్డకడితే మొనదేలిన పలుకులవుతుంది. అవి కణం లోపల ఏర్పడితే కణం చీలిపోతుంది. ఫ్రీజర్‌లో మర్చిపోయిన టమాటాను బయట పెడితే మెత్తబడి నీరు కారుతుంది కదా, కారణం ఆ చీలికలే. జంతువు ఒళ్ళూ కణాలే, అందులోనూ ఉన్నది ఎక్కువగా నీరే. అందుకే గడ్డకట్టిన జంతువు మామూలుగా మళ్ళీ లేవదు.

నా ఉపాయం ఇది. చలిని వీధి అరుగు మీద కూర్చోనిస్తాను, గడప దాటనివ్వను. అరుగంటే కణాల మధ్య ఖాళీలు, చర్మం కింద జాగా, పొట్టలో అవయవాల చుట్టూ ఉన్న చోటు. గడప లోపలంటే కణం. కణాల్లోంచి కొంత నీరు బయటికొచ్చి అరుగు మీద గడ్డకడుతుంది. లోపల మిగిలిన నీరు చక్కెరతో చిక్కబడి, గడ్డకట్టకుండా ఉండిపోతుంది.

చక్కెర ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, వేసవిలో దాచిన గ్లైకోజన్ నుంచి. చర్మానికి మంచు తగిలిన కొన్ని నిమిషాల్లోనే కాలేయానికి కబురందుతుంది. అది గ్లైకోజన్‌ను విడగొట్టి గ్లూకోజుగా రక్తంలోకి వదులుతుంది. గుండె ఆ తీపిని ఒళ్ళంతా పంచుతుంది. లోపలి ముఖ్యమైన అవయవాలకు ఎక్కువ, కాళ్ళకు తక్కువ. మనుషులకు పరగడుపున డెసిలీటరు రక్తంలో గ్లూకోజు 100 మిల్లీగ్రాముల లోపుంటే మంచిదంటారు. గడ్డకట్టే వేళ నాలో అది వేలల్లో ఉంటుంది. మీ తాతయ్య రిపోర్టులో ఆ అంకె కనబడితే డాక్టరు కుర్చీలోంచి లేచి నిలబడతారు. ఇది చాలదన్నట్టు మూత్రంతో పోవాల్సిన యూరియాను కూడా పోనివ్వకుండా ఒంట్లోనే కూడబెడతాను. నవ్వకండి, అదీ కణాలను కాస్తుంది.

ముందు కాళ్ళు బిగుసుకున్నాయి. తర్వాత పొట్ట చుట్టూ గట్టిపడింది. గుండె మాత్రం గంటల తరబడి కొట్టుకుంటూనే ఉంది, పంచాల్సింది ఇంకా ఉంది గనక. పని అయ్యాక అదీ ఆగింది. ఊపిరి లేదు, రక్తం పారదు, కళ్ళు తెల్లబడ్డాయి. ఒంట్లో ఉన్న నీటిలో దాదాపు మూడింట రెండు వంతులు మంచే. అప్పుడు నన్ను తీసి బల్ల మీద వేస్తే టక్కున చప్పుడవుతుంది. ఇదంతా నేను మేలుకుని చూసి చెబుతున్నది కాదు లెండి. గడ్డకట్టినవాడికి ఏం తెలుస్తుంది? నన్ను చూసినవాళ్ళు చెప్పారు.

ఆ రాత్రితోనే ఏడు నెలల నిద్ర మొదలైందనుకోకండి. మర్నాడు ఎండ పడగానే కరిగాను. రాత్రి మళ్ళీ గడ్డకట్టాను. మళ్ళీ కరిగాను. అలాస్కాలో చలికాలం ఒక్కసారిగా మీద పడదు, ఇలా వచ్చిపోతూ ఉంటుంది. ప్రతి విడతకూ కాలేయం ఇంకాస్త గ్లూకోజు వదిలింది. ఈ సంగతి ప్రయోగశాలలో కూర్చున్నవాళ్ళకు చాలాకాలం అంతుపట్టలేదు. వాళ్ళు కప్పను ఫ్రీజర్‌లో ఒకే విడతలో గడ్డకట్టించి లెక్కలు వేసేవారు. అలాస్కా విశ్వవిద్యాలయంలో డాన్ లార్సన్, ఆయనతో పనిచేసినవాళ్ళు మా అడవికే వచ్చి, మేం కూర్చున్నచోటనే ఉష్ణోగ్రత కొలిచే పరికరాలు పెట్టారు. 2014లో వాళ్ళు అచ్చువేసిన లెక్క ప్రకారం, ప్రయోగశాలలో గడ్డకట్టిన కప్పలకన్నా బయట గడ్డకట్టినవాటి కండరాల్లో 13 రెట్లు, గుండెలో 10 రెట్లు ఎక్కువ గ్లూకోజు ఉంది. కొన్ని కప్పలు ఏడు నెలలు గడ్డకట్టే ఉన్నాయి. ఆకుల కింద చలి మైనస్ 18 దాకా దిగింది. వాళ్ళు గమనించిన కప్పల్లో ఒక్కటీ చావలేదు.

మైనస్ 18. మీ ఫ్రీజర్.

పైన గాలి మైనస్ 40 ఉన్నా కింద చలి అక్కడితో ఆగడం నా గొప్పేమీ కాదు. ఆకుల మీద పడిన మంచు గాలిలో చలిని కిందికి దిగనివ్వదు. మంచు పలచగా పడిన ఏడాది మాకు కష్టమే. నాకూ ఒక హద్దు ఉంది, నన్ను చావులేనివాణ్ణని పొగిడేవాళ్ళు అది మర్చిపోతారు.

మేం కరిగేసరికి మీకు ఉగాది వెళ్ళి చాలా రోజులై ఉంటుంది. గుండె ముందు కదిలింది. తర్వాత ఊపిరి. కాళ్ళు అన్నిటికన్నా ఆలస్యం. వాడకుండా మిగిలిన గ్లూకోజును కాలేయం వెనక్కి తీసుకుని మళ్ళీ గ్లైకోజన్ చేసుకుంది. వృథా అనే మాట మా ఇంట్లో లేదు. గెంతగలిగిన వెంటనే గుంటకు పోయాను. ఏడు నెలలు తిండి లేనివాడు ముందు తిండి వెతుక్కోవాలి కదా అంటారేమో. మా మగకప్పలకు ముందు పాట. అదీ బెకబెక కాదు, బాతులు అరుచుకుంటున్నాయా అనిపిస్తుంది.

మిన్నెసోటాలో విలియం ష్మిడ్ అనే ఆయన 1982లో మేం గడ్డకట్టి బతికే సంగతి సైన్స్ పత్రికలో రాశారు. తర్వాత కెనడాలో కెన్ స్టోరీ, జానెట్ స్టోరీ దంపతులు మా చక్కెర గుట్టు విప్పడానికి ఏళ్ళు వెచ్చించారు. మనుషులకు ఇంత ఆసక్తి ఎందుకో హైదరాబాద్ పిల్లలకు తెలిసే ఉండాలి. 2021 ఫిబ్రవరిలో ఒక దాత గుండెను నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కు మెట్రో రైల్లో ఆగకుండా తీసుకెళ్ళారు. అంత తొందర ఎందుకంటే ఒంట్లోంచి తీసిన గుండె కొద్ది గంటలే పనికొస్తుంది. నా గుండె ఏడు నెలలు ఆగి మళ్ళీ కొట్టుకుంటుంది. అవయవాలను ఎక్కువసేపు నిలవ ఉంచే దారి వెతికేవాళ్ళు నన్ను తిరగేసి మరగేసి చూడటంలో వింతేముంది?

మీ ఊళ్ళలోనూ నాకు చుట్టాలున్నారు. బోదురు కప్పకు శత్రువు చలి కాదు, ఎండ. అది ఎండాకాలం మట్టిలో దూరి, తొలకరికి పైకొచ్చి గొంతెత్తుతుంది. వానలు రాకపోతే కప్పతల్లిని ఊరేగించి నీళ్ళు పోసే మీ నాయనమ్మలకు ఆ సంగతి బాగా తెలుసు.

మా జాతి అలాస్కాలోనే కాదు, తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న న్యూజెర్సీలోనూ ఉంది. అక్కడ చలికాలం చిన్నది. మార్చి ప్రాంతంలో మొదటి వెచ్చటి వానరాత్రి పడగానే మావాళ్ళు లేచి, గుడ్లు పెట్టే గుంటలకు వెళ్ళడానికి రోడ్లు దాటుతారు. చలికి చావనివాళ్ళు కారు చక్రాల కింద చస్తున్నారు. ఎడిసన్‌కు దగ్గర్లోని ఈస్ట్ బ్రన్స్‌విక్‌లో బీక్‌మన్ రోడ్డును ఇలాంటి రాత్రుల్లో మూసేస్తారు. అన్ని రోడ్లనూ అలా మూయలేరు. కాబట్టి అక్కడున్న పిల్లలూ, వానపడే మార్చి రాత్రి అడవి పక్కగా ఇంటికి వెళుతుంటే, కారు కొంచెం మెల్లగా నడపమని నాన్నకు చెప్పండి.